గేమ్ కన్సోల్‌లో టీవీ హంగులు: ఆట వాటా తగ్గకుండా ఉంటేనే మేలు

గేమ్ కన్సోల్ ఆటలకే పరిమితం కావాలా, లేక ఇంటిల్లిపాదీ టీవీ చూసుకునే సాధనం కూడా కావాలా? ఆట కోసం ఎలాగూ పెట్టే భాగాలతోనే టీవీ సౌకర్యం సమకూరితే సంతోషమే. ఆటకు దక్కాల్సిన వనరుల్లో కోత పెట్టి దాన్ని తెస్తే మాత్రం నష్టపోయేది కొనుక్కున్నవారే అని నా అభిప్రాయం. ఈ రెండు దారుల ఫలితాలనూ మనం ఇప్పటికే చూశాం.

మొదటి దారికి ఉదాహరణ సోనీ ప్లేస్టేషన్ 2. 2000లో జపాన్‌లో విడుదలైన ఈ కన్సోల్ డీవీడీ సినిమాలనూ చూపించేది. సీడీని చదివే లేజర్ తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డీవీడీకి వాడేది 650 నానోమీటర్లు. తరంగదైర్ఘ్యం తగ్గితే కాంతిని ఇంకా చిన్న చుక్కగా కేంద్రీకరించవచ్చు. దానికి మెరుగైన లెన్సు కూడా తోడవడంతో, సీడీలో సుమారు 700 మెగాబైట్లు పట్టేచోట డీవీడీలో ఒక్క పొరలోనే 4.7 గిగాబైట్లు పట్టాయి. నానాటికీ పెద్దవవుతున్న ఆటలకు ఆ చోటు ఎలాగూ కావాలి. వాటి కోసం పెట్టిన డ్రైవే సినిమాలనూ చదివింది. ఆటలు కోల్పోయిందేమీ లేదు. ఆ కన్సోల్ 16 కోట్లకు పైగా అమ్ముడైంది.

రెండో దారిలో నడిచింది మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్. 2013 మే 21న జరిగిన పరిచయ కార్యక్రమంలో టీవీకే పెద్దపీట వేశారు. సెట్‌టాప్ బాక్సును కన్సోల్‌కు కలుపుకోవడానికి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్, నోటిమాటతో చానల్ మార్చడానికి కినెక్ట్ సెన్సర్ ఇచ్చారు. కినెక్ట్‌ను విడిగా వదిలేసే వీలు లేకపోవడంతో ధర 499 డాలర్లయింది. పోటీగా వచ్చిన ప్లేస్టేషన్ 4 ధర 399 డాలర్లే. పైగా గ్రాఫిక్స్ ప్రాసెసర్ సామర్థ్యంలో పదో వంతును కినెక్ట్‌కూ, సిస్టమ్ పనులకూ కేటాయించారు. ఆ ఏడాది వచ్చిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ: గోస్ట్స్’ ఆట ప్లేస్టేషన్ 4లో 1080 వరుసల చిత్రంతో నడిస్తే, ఎక్స్‌బాక్స్ వన్‌లో 720 వరుసలతో సరిపెట్టుకుంది. ఈ తేడా మొత్తాన్నీ టీవీ హంగుల మీదికి నెట్టడం న్యాయం కాదు. రెండింటి చిప్‌లు, మెమరీ వేరువేరు. కానీ అసలే బలం తక్కువగా ఉన్న యంత్రంలో పదో వంతు వేరే పనికి పోవడం చిన్న విషయం కాదు.

ఎందుకంటే ఆటకు సమయం చాలా తక్కువ. సెకనుకు 60 ఫ్రేములు చూపాలంటే ఒక్కో ఫ్రేమును 16.7 మిల్లీసెకన్లలో తయారుచేయాలి. సినిమాకు ఈ ఒత్తిడి లేదు. రాబోయే దృశ్యాలు ముందే సిద్ధంగా ఉంటాయి కాబట్టి కొన్ని సెకన్ల భాగాన్ని మెమరీలో నింపి ఉంచుకోవచ్చు. ఆటలో అలా కుదరదు. మీరు ఏ బటన్ నొక్కుతారో యంత్రానికి ముందుగా తెలియదు. మీరు నొక్కాకే దాని లెక్కలు మొదలవుతాయి. అక్కడ జరిగే ఆలస్యం నేరుగా మీ చేతికి తెలిసిపోతుంది.

ఒకే పెట్టెతో అన్ని పనులూ జరిగితే తీగలు, రిమోట్లు తగ్గుతాయి కదా అనేవారి మాటలో నిజముంది. ఆట మొదలవగానే పక్కకు తప్పుకునే వీడియో యాప్‌లతో నాకూ పేచీ లేదు. అయితే సినిమా చూపడానికి కన్సోల్ పదుల వాట్ల విద్యుత్తు వాడుతుంది. టీవీకి గుచ్చే చిన్న స్ట్రీమింగ్ పరికరానికి కొద్ది వాట్లు చాలు. స్మార్ట్ టీవీ ఉన్న ఇంట్లో ఆ పరికరమూ అక్కర్లేదు.

మైక్రోసాఫ్ట్ కూడా దారి మార్చుకుంది. 2014 జూన్‌లో కినెక్ట్ లేని కన్సోల్‌ను 399 డాలర్లకు తెచ్చి, పక్కన పెట్టిన గ్రాఫిక్స్ వాటాను ఆటల తయారీదారులకు అందుబాటులోకి తెచ్చింది. 2020 నాటి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్టే లేదు.

2021 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చినప్పుడు ప్లేస్టేషన్ 5 ధర 49,990 రూపాయలు. ఇంత సొమ్ము పెట్టేటప్పుడు ప్రకటనల్లో కనిపించే ప్రతి కొత్త హంగు గురించీ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది చిప్‌లో, మెమరీలో, ధరలో ఎంత వాటా తీసుకుంటోంది? కంపెనీలు ఆ వివరాలను విడుదలకు ముందే చెప్పాలి.