రైతు తోలు మందమే గానీ, ట్యూబు మందుకు తట్టుకునేంత కాదు

ఈరోజు శెనక్కాయ ధర గురించి కాదు, మన ఒంటి తోలు గురించి రాస్తున్నా. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మూడేండ్ల కిందట నాకు మెడ చుట్టూ, మోచేతి మడతల్లో, కనురెప్పల మీద ఎర్రగా పొంగి ఒకటే దురద. చేనుకు పోయొస్తే ఎక్కువ, చుట్టాలింట్లో నాలుగు రోజులుంటే తక్కువ. ఎండ పడలేదులే అనుకున్నా. మందుల షాపులో చూపిస్తే ఒక ట్యూబు ఇచ్చినారు. రెండు రోజుల్లో మాయం! మానేస్తే వారంలో మళ్లీ వచ్చె. మళ్లీ ట్యూబు. అట్లా ఏడాదిన్నర. ఆఖరికి ముఖం తోలు పలచబడి, సన్నటి ఎర్ర నరాలు బయటపడి, ఎండలోకి పోతే కారం పూసినట్టు మంట.

అప్పుడు పోయినా చర్మం డాక్టరు దగ్గరికి. ఆయన మొదట నా గడ్డం పైకెత్తి కింద చూసినాడు. తర్వాత చెవుల వెనక. "ఇక్కడ ఎండ తగలదు కదయ్యా, మరి ఇక్కడెందుకు వచ్చింది?" అన్నాడు. గట్ల మీద ఏం గడ్డి ఉందని అడిగినాడు. వీపు మీద పట్టీలు అంటించి పరీక్ష చేస్తే తేలింది: వయ్యారిభామ. మనం కాంగ్రెస్ గడ్డి అంటామే, అదే.

1950ల్లో పుణె దగ్గర కనబడిన ఈ కలుపు ఇప్పుడు హిందూపురం మల్బరీ తోటల్లో, పెనుకొండ రోడ్ల పక్కన, ధర్మవరం బీళ్లలో ఎక్కడ చూసినా ఉంది. దీంట్లో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. ఎండిన ఆకు పొడి గాలికి లేచి, చెమట పట్టిన ఒంటికి అంటుకుంటుంది. ఎండకు వచ్చే దద్దు ఎక్కువగా ఎండ తగిలే చోటనే వస్తుంది. గాలిలో పొడికి వచ్చేది నీడ ఉన్న మడతల్లోకి కూడా దూరుతుంది. ఈ ఒక్క తేడా తెలియక నేను ఏడాదిన్నర ఎండను తిట్టుకున్నా.

ఇంక ఆ ట్యూబు సంగతి. అది స్టెరాయిడ్. వాపును, దురదను అణుస్తుంది గానీ, వాటికి కారణం అట్లే ఉంటుంది. డాక్టరు చెప్పినన్ని రోజులే రాస్తే మంచి మందే. మన ఇష్టానికి నెలల తరబడి రాస్తే తోలు పలచబడుతుంది, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. తామర మీద రాస్తే దురద తగ్గినట్టే ఉండి లోపల తామర పెరుగుతుంది. 2011లో మన దేశంలోని చర్మ వైద్యులు ముఖం సమస్యతో వచ్చిన 2,926 మందిని చూస్తే, 433 మంది ముఖానికి ఇట్లాంటి క్రీములే రాస్తున్నారని తేలింది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. మరి అడగ్గానే ఎట్లా దొరుకుతున్నాయి? అమ్మేవాళ్లది తప్పే. చీటీ లేకుండా అడిగే మనదీ తప్పే.

అంటే ఎండ ఏమీ చేయదని కాదు. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊర్లో 1992లో 1,600 మందికి పైగా జనంతో పరీక్ష మొదలుపెట్టి నాలుగున్నరేండ్లు నడిపినారు. రోజూ సన్‌స్క్రీన్ పూసుకున్నోళ్లలో ఒక రకం చర్మ క్యాన్సర్ గడ్డలు సుమారు 40 శాతం తగ్గినాయి. మన నలుపే మనకు గొడుగు, వాళ్లంత భయం మనకు లేదు. కానీ మంగు మచ్చలు, కంట్లో శుక్లాలు మనకూ వస్తాయి. నా మాట ఏందంటే, కలుపు తీసే మనిషికి క్రీము రెండు గంటల్లో చెమటకు పోతుంది. దట్టమైన నేత ఉన్న పూర్తి చేతుల చొక్కా, తలకు పెద్ద అంచు టోపీ, మెడకు తువ్వాలు పోవు. ఎండ మండే కాలంలో పది గంటల లోపల, నాలుగు తర్వాత పని పెట్టుకుంటే ఇంకా మేలు. "రైతుకు ఎండ భయమేంది" అని నవ్వేవాళ్లు నవ్వనీ. ఎడ్లను మాత్రం మిట్టమధ్యాహ్నం చెట్టు కింద కడతాం కదా!

ఇంట్లో ట్యూబు ఉంటే తీసి పేరు చదవండి. క్లోబెటసాల్, బెటామెథాసోన్, మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడే. చాన్నాళ్లుగా రాస్తున్నోళ్లు ఒక్కసారిగా మానేస్తే మంట ఎక్కువై మళ్లీ దానికే పోతారు. డాక్టరుకు చూపించి మానండి. అనంతపురం పెద్దాసుపత్రిలో చర్మ విభాగం ఉంది. ఒక రోజు కూలి పోతుందని నేను ఆలోచించినా. ఏడాదిన్నర ట్యూబుల లెక్క తీస్తే అంతకంటే ఎక్కువే అయింది.

ఒక్కరు పీకితే ఈ గడ్డి పోదు. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా దీన్ని పీకే వారం జరుపుతారు. వాన పడి నేల మెత్తగున్నప్పుడు, పూత రాకముందే, చేతులకు తొడుగులేసుకుని ఊరంతా కలిసి పీకుదాం. దద్దు ఉన్నోళ్లు మాత్రం దూరంగా ఉండండి. నేను గట్టు మీద నిలబడి నీళ్లు, మజ్జిగ అందిస్తా.