పొడిచే ఎద్దు, కరిచే కుక్క



ఈ మధ్య మహబూబాబాదు వైపు ఒక విశ్వాసి కుటుంబము మమ్మును ఒక సంగతి అడిగినది. హైదరాబాదులో పని చేయుచున్న కుమారుడు ఒక కుక్కపిల్లను తెచ్చెదనని పట్టుబట్టినాడు. దాని జాతి పేరు స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్. పిల్లలను ప్రాణముగా చూచుకొనునని అమ్మేవాడు చెప్పెనట. అది పిట్‌బుల్, మనుష్యులను చంపునని పక్కింటివారు చెప్పిరట. ఇంటిలో మూడేండ్ల బిడ్డయు, చూపు మందగించిన నాయనమ్మయు ఉన్నారు. "అయ్యగారూ, తెచ్చుకోవచ్చునా?" అని ప్రశ్న. సంఘ పత్రికలో కుక్కల సంగతి ఎందుకని కొందరు నవ్వవచ్చును. బిడ్డ సంగతి గనుక వ్రాయుచున్నాము.

ఈ కుక్క పుట్టిల్లు ఇంగ్లాండు నడిభాగములోని స్టాఫర్డ్‌షైర్ ప్రాంతము. బొగ్గుగని కార్మికులు, ఇనుప గొలుసులు చేయువారు దీనిని పెంచిరి. మన భూపాలపల్లి సింగరేణి కుటుంబములకు ఆ జీవితము తెలిసినదే. అయితే పెంచినది ముద్దుకొరకు కాదు. కట్టివేసిన ఎద్దుమీదికి కుక్కలను ఉసిగొల్పు వినోదము అక్కడ ఉండెడిది. 1835లో చట్టము చేసి దానిని మాన్పించిరి. జనము ఊరకుండక చాటుమాటున కుక్కల పందెములు పెట్టిరి. (మన కోడిపందెములు చూచినవారికి వేరే చెప్పవలెనా!) బుల్‌డాగును చురుకైన టెర్రియర్‌తో కలిపి తీసిన ఆ పందెపు కుక్కల సంతతియే ఇది. 1935లో అక్కడి కెన్నెల్ క్లబ్బు దీనిని ఒక జాతిగా గుర్తించినది. ఎత్తు 14 నుండి 16 అంగుళములు, మగదాని బరువు 13 నుండి 17 కిలోలు. పొట్టిదే గాని ఒళ్లంతా కండ.

ఆ క్లబ్బువారు వ్రాసిన జాతి లక్షణములలో ధైర్యముతోపాటు పిల్లలయెడల మమత కూడ ఉన్నది. 1991లో బ్రిటన్ ప్రమాదకరమైన కుక్కల చట్టము చేసి పిట్‌బుల్‌ను నిషేధించినప్పుడు దీనిని ఆ జాబితాలో చేర్చలేదు. కనుక అమ్మేవాని మాట పూర్తిగా అబద్ధము కాదు.

పక్కింటివారి భయమునకును కారణమున్నది. 2022 జూలైలో లక్నోలో 82 ఏండ్ల విశ్రాంత ఉపాధ్యాయురాలు తన ఇంటి పిట్‌బుల్ చేతనే చనిపోయినది. పిట్‌బుల్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్, ఈ కుక్క మూడును దగ్గరి చుట్టములు. పిల్లగా ఉన్నప్పుడు ఏది ఏదో సామాన్యునికి తెలియదు. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకముల కుక్కలను నిషేధించుమని రాష్ట్రములకు వ్రాసినది. తరువాతి నెలలోనే కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినది. చట్టము తెలిసినవారికే తెగని తగాదాను జాతి పేరు చూచి మనము తేల్చలేము.

మన చుట్టుపక్కల జరిగినది చూడుడి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని, అదే సంవత్సరము మే నెలలో మన ఖాజీపేటలో మరియొక బాలుని కుక్కలు చంపినవి. అవి సీమ కుక్కలు కావు, వీధి కుక్కలు. వాటికి జాతి పేరు లేదు, యజమాని అసలే లేడు.

మోషే ధర్మశాస్త్రములో, నిర్గమకాండము 21వ అధ్యాయమున, పొడిచే ఎద్దును గూర్చి ఒక విధి ఉన్నది. ఎన్నడును పొడవని ఎద్దు ఒకనిని చంపినయెడల యజమాని నిర్దోషి. అది పొడుచునని ముందే తెలిసి, ఇతరులు హెచ్చరించినను కట్టివేయనివాడు మాత్రము దోషి. ఎద్దు ఏ జాతిదని అక్కడ అడుగలేదు. యజమానికి తెలుసునా, తెలిసి ఏమి చేసెను అనునదే ప్రశ్న. నేటి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కూడ దాదాపు ఆ మాటే చెప్పుచున్నది. తన జంతువు వలన అపాయము రాకుండ జాగ్రత్తపడనివానికి ఆరు నెలల వరకు జైలు, లేక 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును.

మన పల్లెలలో కుక్క ఎంత కోపిష్ఠియైతే ఇంటికి అంత గొప్ప అనుకొనువారున్నారు. పగలంతా గొలుసుతో కట్టి, వచ్చేపోయేవారి మీద అది ఎగబడుచుంటే మురిసిపోవుదురు. అట్టి కుక్క గొలుసు తెగిన దినమున ఏమి చేయును? జనగామ వైపు గొర్రెల మందల వెంట తిరుగు కుక్కలను చూడుడి. పనియు, తిరుగుటకు చోటును, రోజంతా యజమాని తోడును వాటికి ఉన్నవి.

ఆ కుటుంబమునకు మేము చెప్పినది ఇది. ఈ జాతి మనుష్యులతో మంచిగా ఉన్నను తోటి కుక్కలతో పోరు పెట్టుకొనవచ్చును. మీ వాడలో రాత్రి విడిగా తిరుగు కుక్కలెన్ని? దానిని దినమును నడిపించువారెవరు? కుమారుడు హైదరాబాదులోనే ఉండునయ్యెను! చూపులేని నాయనమ్మ పొరపాటున దాని కాలు త్రొక్కిన ఏమగును? బిడ్డను ఏ కుక్కతోనైనను, సీమదైనను నాటుదైనను, ఒంటరిగా విడువకూడదు. తినుచున్నప్పుడు, నిద్రించుచున్నప్పుడు, పిల్లలకు పాలిచ్చుచున్నప్పుడు దానిని ముట్టకూడదని బిడ్డకు నేర్పవలెను. వారు ఆలోచించుకొని, బిడ్డ బడికి పోవు వయస్సు వచ్చువరకు ఆగెదమన్నారు. కుమారునికి కొంత కోపము వచ్చినదట.

ఇంకొక సంగతి దీనికంటె ముఖ్యము. కుక్క కరిచినప్పుడు పసుపో, సున్నమో, కారమో అద్ది ప్రార్థనకు తీసికొని వచ్చువారు ఇంకను ఉన్నారు. ప్రార్థన తప్పక చేయుదుము, కాని ఆసుపత్రికి పోవు దారిలో చేయుదుము. పిచ్చికుక్క వ్యాధి లక్షణములు కనబడిన తరువాత దాదాపు ఎవరును బ్రదుకరు. కరిచిన వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడుగవలెను. ఇంటి కుక్క గదా, చిన్న పిల్ల గదా అని ఉపేక్షింపకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మములోనికి ఇచ్చు టీకాను మొదటి దినమున, తరువాత 3వ, 7వ, 28వ దినములలో వేయుదురు. గాయము లోతైనయెడల వేరొక మందు కూడ గాయములోనే ఎక్కింతురు. మూడవ సూదికి నొప్పి తగ్గినదని కూలికి పోయి నాలుగవది మానుకొనువారు ఉన్నారు. గనుక ఆ తేదీలను గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొనుడి.