దూకుడుకు గేరు లేదు

2023 డిసెంబర్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్‌లో ట్రాఫిక్ జామ్ తప్పించుకోవడానికి ఒక పెద్దమనిషి తన థార్‌ను ఏకంగా చంద్రా నదిలోకి దించాడు. ఆ వీడియోను దేశమంతా చూసింది. పోలీసులు చలానా రాశారు. ఫోర్ వీల్ డ్రైవ్ మీద మనవాళ్లు పెంచుకున్న భ్రమకు ఇది మచ్చుతునక.

ఇంజిన్ శక్తిని నాలుగు చక్రాలకూ అందించే ఈ ఏర్పాటు బండిని బురదలోంచి లాగుతుంది, రాళ్ల మీదుగా ఎక్కిస్తుంది. ఆపడంలో మాత్రం దాని గొప్పేమీ లేదు. గడ్డకట్టిన మంచు మీద బ్రేకు తొక్కితే థారైనా జారుతుంది, ఆల్టో అయినా జారుతుంది.

కొండదారి లెక్కలే వేరు. లో-రేంజ్‌లో నత్తనడకన ఎక్కాలి, అదే గేరులో దిగాలి. కాలు బ్రేకు మీదే ఉంచితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. బండిని నిలవరించాల్సింది ఇంజినే. గ్రాంఫూ-బాతల్ దారిలోని పాగల్ నాలా లాంటి వాగులను పొద్దున్నే దాటాలి. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి నీరు పెరుగుతుంది. లోతు తెలియకపోతే ముందు బండి దిగి చూడాలి. అనుమానం తీరకపోతే వెనక్కి తిరగాలి. రివర్స్ గేరు వేయడానికి సిగ్గుపడేవాళ్లు ఆ దారి పట్టకపోవడమే వెంట వచ్చేవారికి క్షేమం.