గేర్ల సైకిల్ మూలకు ఎందుకు పడింది?

ఓపీలో షుగర్ పేషెంట్లను నేను అడిగే ప్రశ్న ఈమధ్య ఒకటి మారింది. ఇదివరకు ‘రోజూ వాకింగ్ చేస్తున్నారా?’ అనేవాడిని. చాలామంది తల దించుకునేవారు. ఇప్పుడు ‘చిన్నప్పుడు మీకు ఏ ఆట ఇష్టం?’ అంటున్నాను. ముఖాలు విప్పారుతున్నాయి. కబడ్డీ, వాగులో ఈత, చింతచెట్లు ఎక్కడం... ఇలా ఎన్నో చెబుతారు. అన్నింటికంటే ఎక్కువగా వినిపించే మాట మాత్రం సైకిల్. గంటకింత అని అద్దెకు తెచ్చుకుని, సీటు అందక మధ్యలోంచి కాలు దూర్చి తొక్కిన సైకిల్.

ఆ సైకిల్ ఇప్పుడు వేషం మార్చుకుని మళ్లీ మన ఇళ్లకు వచ్చింది. లావు టైర్లు, ముందు షాక్ అబ్జార్బర్లు, డిస్క్ బ్రేకులు. కంపెనీలు మౌంటెన్ బైక్ అంటాయి, మనం గేర్ల సైకిల్ అంటాం. కొన్నిటికి గేర్లు లేకున్నా పేరు అదే. పుట్టినరోజుకో, మంచి మార్కులు వచ్చాయనో కొనిస్తాం. కొన్ని నెలలు గడిచేసరికి అది మెట్ల కింద చేరుతుంది. హ్యాండిల్ మీద తడి తువ్వాళ్లు ఆరుతుంటాయి.

‘ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు, ఫోన్ చేతికొస్తే చాలు’ అని తేల్చేస్తాం. నా అభిప్రాయం వేరు. తొక్కేవారికి అందులో ఏది సరదాగా ఉందో అడగకుండా, మన సరదాను వారి మీద రుద్దుతున్నాం. సైకిల్ మూలకు పడటానికి అసలు కారణం అదే.

ఇది చెప్పే అర్హత నాకు నా తప్పు వల్లే వచ్చింది. నాకు గుట్ట ఎక్కడం ఇష్టం. ఆయాసం వస్తుంటే, తొడలు మండుతుంటే, పైకి చేరాక వచ్చే ఆ చల్లగాలి ఇష్టం. మా అబ్బాయికి సైకిల్ కొనిచ్చిన కొత్తలో ప్రతి ఆదివారం తెల్లవారుజామునే లేపి మొరం బాట ఎక్కించేవాడిని. వాడు సగంలో దిగి నెట్టుకొస్తుంటే ‘ఇంకొంచెం, దమ్ము పెంచు’ అని అరిచేవాడిని. ఇంటికి రాగానే ఎన్ని కిలోమీటర్లు తొక్కామో, సగటు వేగం ఎంతో లెక్కలు చెప్పేవాడిని. నెల తిరిగేసరికి ఆదివారం పొద్దున వాడికి కడుపునొప్పి మొదలైంది. డాక్టర్ని కదా, పొట్ట నొక్కి చూశాను. ఏమీ దొరకలేదు. జబ్బు నాలో ఉంటే వాడిలో ఎలా దొరుకుతుంది?

కొద్దిరోజుల తర్వాత వాడే పెద్దవాగు ఒడ్డున స్నేహితులతో కనిపించాడు. మట్టి దిబ్బ పక్కన ఒక మలుపు ఉంది. కాలు కింద పెట్టకుండా దాన్ని దాటాలి, అంతే ఆట. ఒక్కొక్కరు ఇరవైసార్లు ప్రయత్నిస్తున్నారు. పడుతున్నారు, నవ్వుతున్నారు, మళ్లీ మొదలుపెడుతున్నారు. నా లెక్క ప్రకారం వాళ్లు రెండు కిలోమీటర్లు కూడా తొక్కలేదు. కానీ గంటన్నరగా చొక్కాలు తడిసేలా కష్టపడుతున్నారు. ఎవరూ చెప్పకుండానే.

నిజానికి మౌంటెన్ బైకింగ్ పుట్టిందే ఇలాంటి అల్లరిలోంచి. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత బరువైన సైకిళ్లను బాగుచేసుకుని కొండ మీది మట్టి బాటల్లో కిందికి దూసుకొచ్చేవారు. 1976లో మొదలైన వారి పోటీకి ‘రీప్యాక్’ అని పేరు. కిందికి చేరేసరికి బ్రేకుల వేడికి వెనుక చక్రం హబ్‌లోని గ్రీజు కాలిపోయేది, మళ్లీ నింపుకోవాల్సి వచ్చేది. పేరు అలా వచ్చింది. వారిలో ఒకరైన జో బ్రీజ్ 1977లో ఇలాంటి బాటల కోసమే ప్రత్యేకంగా ఫ్రేమ్ తయారుచేశాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఇది పతకాల ఆట అయింది. ఈ ఆటలోనే ఎన్ని రకాలు ఉన్నాయో చూడండి. క్రాస్‌కంట్రీలో ఎక్కాలి, దిగాలి, ఎక్కువసేపు నిలవాలి. డౌన్‌హిల్‌లో దిగడమే పని. ట్రయల్స్‌లో వేగం ముఖ్యం కాదు, కాలు నేలకు తగలకుండా అడ్డంకులు దాటాలి. అంటే మా అబ్బాయి పెద్దవాగు ఒడ్డున ఆడుతున్నది కూడా ఒక అసలైన ఆటే. నాకే తెలియలేదు.

మన చుట్టుపక్కల తొక్కేవారిని గమనిస్తే ఈ తేడాలు బాగా తెలుస్తాయి. కొందరికి దిగుడు కావాలి. భయం, ఆ భయాన్ని అదుపులో పెట్టుకున్నామన్న గర్వం రెండూ కలిసిన ఆనందం అది. కొందరికి నాలాగా ఎక్కుడు కావాలి. కొందరు వేగంగా పోనే పోరు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో చేల పక్క బాటల్లో ఆ వాసన పీలుస్తూ, కొంగలను చూస్తూ, ఎక్కడ పడితే అక్కడ ఆగుతూ పోతారు. వారిని ‘ఇది కూడా ఎక్సర్‌సైజేనా?’ అని వెక్కిరించకండి. మాట్లాడగలిగేంత తేలికగా, పాట పాడలేనంత శ్రమగా తొక్కితే అది చక్కని మధ్యస్థ వ్యాయామం.

ఇంకొందరికి తోడు కావాలి. మోర్తాడ్, ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల్లో గల్ఫ్‌కు మనిషి వెళ్లని వీధి అరుదు. దుబాయ్ నుంచి నెల సెలవు మీద వచ్చిన ఒక తండ్రి బీపీ చూపించుకోవడానికి వచ్చాడు. కొడుక్కి అక్కడి నుంచే డబ్బు పంపి సైకిల్ కొనిచ్చాడట. ఫోన్లో ‘తొక్కుతున్నవా?’ అంటే ‘ఆఁ’ అనేవాడట. ‘వచ్చి చూస్తే దుమ్ము పట్టి ఉంది సార్’ అన్నాడు. పక్కింటివారి పాత సైకిల్ అడిగి తెచ్చుకుని వాడి వెంట వెళ్లమన్నాను. వారం తర్వాత మళ్లీ వచ్చినప్పుడు బీపీ సంగతి నేను అడగాల్సి వచ్చింది, అతను చెప్పిందంతా కొడుకు కబుర్లే. ఆ పిల్లాడికి కావాల్సింది గేర్లు కాదు, పక్కన నాన్న.

మరి ఆడవాళ్లు? మన ఇళ్లలో గేర్ల సైకిల్ కొడుక్కి వస్తుంది, కూతురికి బడికి వెళ్లడానికి బుట్ట సైకిల్ వస్తుంది, తల్లికి ఏదీ రాదు. నా దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మకు నలభై ఎనిమిదేళ్లు, షుగర్. ‘బడికి సైకిల్ మీదనే పోయేదాన్ని సార్. పెళ్లయినంక ముట్టలే. ఇప్పుడు తొక్కితే నలుగురేమనుకుంటరు?’ అంది. ఆమెకు కావాల్సింది వేగం కాదు, ఎవరూ కళ్లప్పగించి చూడని ఒక బాట. కొడుకు వదిలేసిన సైకిల్ సీటు దించుకుని, పొరుగింటావిడతో కలిసి తెల్లవారాక ఊరి బయటి మట్టి బాటలో మొదలుపెట్టింది. మాత్రలు మానేయలేదు, నేను మానమనలేదు కూడా. కానీ ఆరు నెలలుగా ఆపకుండా తొక్కుతోంది. మూడు నెలల సగటు షుగర్ కొంత దిగింది. ‘ఆ గంటసేపు నన్ను ఎవరూ పిలవరు సార్’ అంది. ఆమె సరదా అదన్నమాట. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలాది మంది గ్రామీణ మహిళలు సైకిల్ నేర్చుకున్నారు. ఎవరినీ అడగకుండా తమ పని మీద తాము వెళ్లగలగడమే వారికి అన్నింటికన్నా పెద్ద ఆనందమైంది.

ఇదంతా మెత్తని మాటలని కొట్టేయనక్కర్లేదు. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషి ఒక పనిలో ఇష్టంగా కొనసాగాలంటే మూడు అవసరమన్నారు. అది తాను ఎంచుకున్నదై ఉండాలి, అందులో తాను మెరుగవుతున్నానని అనిపించాలి, తన వాళ్లు తోడున్నారనిపించాలి. పర్వతారోహకులు, చదరంగం ఆటగాళ్లు, సర్జన్లతో మాట్లాడిన మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ మరో మాట చెప్పాడు. పని మరీ సులువైతే విసుగు, మరీ కష్టమైతే భయం, మన నేర్పుకు కాస్త పైన ఉంటే ఒళ్లు మరిచిపోతాం. నేను మా అబ్బాయి విషయంలో ఈ నాలుగూ తప్పాను.

‘వ్యాయామం మందులాంటిది డాక్టర్ గారూ, ఇష్టమున్నా లేకున్నా చేయాల్సిందే’ అనేవారున్నారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను. కానీ చేదు మందును పది రోజులు మింగగలం. పాతికేళ్లు మింగాల్సింది చేదుగా ఉంటే ఏదో ఒకనాడు మానేస్తాం. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, పిల్లలకు రోజుకు సగటున గంట అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. ఆ ప్రభావం ఒకటి రెండు రోజులే ఉంటుంది. అందుకే ఒక్క ఆదివారం వీరత్వం కన్నా వారమంతా సాగే సరదా మేలు.

సరదా అంటే నిర్లక్ష్యం కాదు. నలభై దాటి బీపీ, షుగర్, పొగ అలవాటు ఉన్నవారు గుట్టలు ఎక్కే ముందు ఒకసారి డాక్టర్‌కు చూపించుకోండి. ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆగండి. తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవారు జేబులో గ్లూకోజ్ పొడి పెట్టుకోవాలి. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తు పెట్టుకుంటే ముందు మోకాలి నొప్పి చాలావరకు రాదు. చున్నీని బిగించి కట్టుకోండి, అది చక్రంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలకు హెల్మెట్ లేనిదే సైకిల్ ఇవ్వొద్దు. చూడటానికి ఒకేలా ఉన్నా తక్కువ ధర సైకిళ్లు ఎత్తు నుంచి దూకించడానికి పనికిరావు. మొరం మీద ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే పల్టీ ఖాయం. నీళ్లు పారే కాలువ గట్ల మీద పిల్లలను ఒంటరిగా పంపొద్దు. రోడ్ల మీద వడ్లు, ఎర్రజొన్నలు ఆరబోసే రోజుల్లో చీకటి పడకముందే ఇల్లు చేరాలి. వేసవిలో పొద్దున ఎనిమిది దాటితే ఆపేయాలి.

ఇవి పాటించాక ఇక అడగాల్సింది ఒక్కటే. ‘ఎన్ని కిలోమీటర్లు తొక్కావు?’ అని కాదు, ‘ఎక్కడ బాగనిపించింది?’ అని. జవాబు దిగుడైతే ముందు బ్రేకులు నేర్పించండి. మలుపైతే కాస్త జాగా చూపించండి. తోడైతే మీరూ ఒక సైకిల్ దులపండి. ఏకాంతమైతే ఆ గంట ఇంటి పని మిగిలినవారు పంచుకోండి. సైకిల్ మీదే బాగోలేదంటే అదీ జవాబే, ఈతకో బ్యాడ్మింటన్‌కో వెళ్లనివ్వండి.

మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం నేను ఒక్కడినే గుట్ట వైపు వెళ్తాను. మా అబ్బాయి వాగు వైపు వెళ్తాడు. ఎనిమిదింటికి ఇద్దరం హోటల్ దగ్గర ఇడ్లీకి కలుస్తాం. వాడి మోచేతికి దుమ్ము, నా మోకాళ్లకు నొప్పి. కడుపునొప్పి మాత్రం మళ్లీ రాలేదు.