ఉత్తరువుతో నింగ్లీషు వచ్చునా?

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 81, 85 సంఖ్యలుగల యుత్తరువులను వెలువరించి, మఱుసటి విద్యాసంవత్సరము నుండి ఒకటవ తరగతి మొదలుకొని ఆఱవ తరగతి వఱకు బోధన యింగ్లీషున జరుగవలయునని శాసించెను. 2020 ఏప్రిలులో హైకోర్టు వానిని కొట్టివేసెను. తెలుగే కావలయునని కొందఱును, ఇంగ్లీషే కావలయునని కొందఱును నాటినుండి వాదించుకొనుచునే యున్నారు. ఏ భాషలో జెప్పినను జెప్పవలసినవాడు ఉపాధ్యాయుడే గదా! ఆతని సంగతి విచారించినవారు మాత్రము మిక్కిలి యరుదు.

తమ బిడ్డలను కాన్వెంటులకు బంపుచు, పేదవాని బిడ్డకు మాతృభాషా మాహాత్మ్యము నుపదేశించు పెద్దల మాట మాకు రుచింపదు. కూలివాని బిడ్డకును ఇంగ్లీషు కావలయును. కాని, కావలయుననుట వేఱు, వచ్చుట వేఱు. ఉత్తరువు ఒక్కదినములో వెలువడును. నాలుక యొక్కదినములో తిరుగదు.

కాకినాడకు చేరువనున్న ఉప్పాడ తీరమునందలి బిడ్డను దలచుకొనుడు. పోటెప్పుడు వచ్చునో, పాటెప్పుడు తీయునో, పున్నమికిని అమావాస్యకును సముద్రమేల పొంగునో తండ్రి నావయొద్దనే వాడు చూచినాడు. పాఠములో ‘స్ప్రింగ్ టైడ్’ అను మాట వచ్చును. శిక్షణలేని పంతులు స్ప్రింగనగా వసంతమని నిఘంటువు చూచి చెప్పును. బిడ్డ వసంతములో మాత్రమే వచ్చు పోటని వ్రాసికొనును. ఆ మాటకు ఋతువుతో బొత్తు లేదు. ఉవ్వెత్తున లేచుటయే దాని భావము. ఎఱిగినవాడు ముందుగా, “ఏమిరా, పెద్దపోటు ఎప్పుడు వచ్చును?” అని తెలుగున నడిగి, బిడ్డ నోటనే సమాధానము రప్పించి, ఆ యనుభవమునకు ఇంగ్లీషు పేరు తగిలించును. మొదటివాడు ఉన్న జ్ఞానమును చెఱచెను. రెండవవాడు దానికి రెండవ నాలుక నిచ్చెను. ఇద్దఱకు నడుమ భేదము శిక్షణయే.

ఇంగ్లీషు వచ్చినవాడెల్ల దానిని నేర్పగలడనుట, ఈత వచ్చినవాడెల్ల నీత నేర్పగలడనుట వంటిది. మన భాష అజంతము. కావుననే మన బిడ్డ ‘బుక్’ను ‘బుక్కు’ చేయును. మన వాక్యములో క్రియ తుదిని నిలుచును. ఇంగ్లీషున కర్త వెంబడినే వచ్చును. మన లిపిలో వ్రాసినట్లు చదువుదుము. వారి లిపిలో సి-యు-టి ‘కట్’ కాగా, పి-యు-టి ‘పుట్’ అగును. బిడ్డ తప్పు మూఢత్వము కాదనియు, తల్లిభాషనుండి వచ్చిన యలవాటనియు తెలిసిన పంతులు బెత్తమునకు మాఱుగా నుపాయమును వెదకును. తరగతిలో తెలుగుమాట వినబడిన శిక్షించు బడులు వంతెనను గూల్చి బిడ్డను ఏరు దాటుమన్నట్లున్నవి.

ఇది క్రొత్తసంగతి కాదు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరబిడ్డలకు చదువు చెప్పించుటకు ముందు తామే సవరభాష నేర్చిరి. 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. శిష్యుని భాష నెఱుగుట గురువు మొదటి పాఠమని వారు చేసి చూపిరి.

నేడు జరుగునదేమి? వేసవిలో నాలుగు దినములు ఉపాధ్యాయులను ఒక హాలులో గూర్చుండబెట్టి, ఉపన్యాసములు వినిపించి, సంతకములు గైకొని పంపుట శిక్షణ యనిపించుకొనుచున్నది. తాను తెలుగున జదివి వచ్చిన పంతులు, మరునాడు విజ్ఞానశాస్త్రము నింగ్లీషున జెప్పబూని తడబడినచో నింద వానిదే! 2020-21 నుండి ఎదురెదురు పుటలలో రెండు భాషలుగల పాఠ్యపుస్తకములు వచ్చినవి, మంచిదే. కాని ఏ పుట నెప్పుడు తెఱవవలయునో పంతులకు నేర్పినదెవరు? ఇంగ్లీషు బోధకులకు శిక్షణ నిచ్చుటకు 1958లో హైదరాబాదున వెలసిన సంస్థ నేడు విశ్వవిద్యాలయము. ఆ విద్య పల్లెబడి గడప దాకా దిగివలదా?

మేము కోరునది గొప్ప వింత కాదు. శిక్షణ ఏడాది పొడుగున, పంతులు తన తరగతిలో పాఠము చెప్పుచుండగా జరుగవలయును. అనుభవజ్ఞుడొకడు ప్రక్కన గూర్చుండి చూచి, పిమ్మట ఏకాంతమున సవరింపవలయును. పంతులు తన యింగ్లీషును చక్కబఱచుకొనుటకు గడువును, తప్పిన నవమానము లేదను ధైర్యమును ఈయవలయును. దీనికి వ్యయమగునందురా? బిడ్డకు రెండు భాషలును రాకుండ పోయిన నష్టమునకు లెక్క కట్టినవారెవరు?

చదువరులారా! 2009 నాటి విద్యాహక్కు చట్టము బడి కమిటీలలో తల్లిదండ్రులకు చోటిచ్చినది. ఇకమీదట అచ్చటికి బోయి, “మా బిడ్డకు ఏ మాధ్యమము?” అని మాత్రమే యడిగి తిరిగి రాకుడు. “మా పంతులుగారికి ఎవరు నేర్పిరి? ఎన్నాళ్లు నేర్పిరి?” అని యడుగుడు. ఈ ప్రశ్నకు బదులు చెప్పలేని ప్రభుత్వమునకు, అది ఏ పక్షమువారిదైనను, బడి భాషను మార్చు నర్హత లేదు.