పేరుకే అపరిమితం.. నక్షత్రం గుర్తు చాటున పరిమితం!

బ్రాడ్‌బ్యాండ్ కరపత్రాలపై పెద్ద అక్షరాలతో ‘అన్‌లిమిటెడ్’ అని ఉంటుంది. పక్కనే చిన్న నక్షత్రం గుర్తు. దాని వివరణ కాగితం అడుగున, కళ్లజోడు పెట్టుకున్నా ఆననంత సన్నగా ఉంటుంది. కనెక్షన్ ఇచ్చేందుకు వచ్చే సిబ్బంది వేగం, ధర గురించి చెబుతారే తప్ప ఆ గుర్తు జోలికి పోరు. ఆరు నెలల సొమ్ము ముందే చెల్లించాక సంగతి బోధపడినా వినియోగదారుడు చేయగలిగింది స్వల్పమే.

ఈ మెలిక పేరు ‘ఫెయిర్ యూసేజ్ పాలసీ’. నెలకు ఇన్ని జీబీల వరకే చెప్పిన వేగం. ఆపై లైను తెగదు, వేగం మాత్రం పడిపోతుంది. ఫైబర్ ప్లాన్లలో పెక్కింటికి ఈ హద్దు 3,300 జీబీ. తీగ లేకుండా 5జీ ద్వారా ఇచ్చే ఎయిర్‌ఫైబర్‌కు ఎక్కువగా 1,000 జీబీ.

హద్దులు కొత్తవి కావు. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చినప్పుడు చౌక ప్లాన్లలో హద్దు దాటిన ప్రతి ఎంబీకీ రుసుము పడేది. రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు లెక్క ఉండని ప్లాన్ కోసం అలారం పెట్టుకుని లేచినవారు అనేకులు. నాడు బిల్లు చూసి గుండె గుభేలుమనేది. నేడు బిల్లు మారదు, అందుకే హద్దు సంగతీ తెలియదు.

ఎవరికి నష్టం?: హెచ్‌డీ వీడియోకు గంటకు సుమారు 3 జీబీ ఖర్చవుతుంది. టీవీ ఒకటి నెలంతా రాత్రింబవళ్లు నడిచినా 2,160 జీబీయే. అంటే 3,300 జీబీ హద్దుతో సాధారణ కుటుంబానికి బెంగ అక్కర్లేదు. ఇబ్బందల్లా 1,000 జీబీ దగ్గరే. 4కే వీడియోకు గంటకు 7 జీబీ వరకు పోతుంది. రోజుకు ఐదు గంటలు చూస్తే నెలాఖరుకు హద్దు దాటుతుంది. దుకాణదారుల పరిస్థితి మరీ గడ్డు. చాలా ప్లాన్లలో అప్‌లోడ్ కూడా లెక్కలోకే వస్తుంది. నిరంతరాయంగా 2 ఎంబీపీఎస్ చొప్పున క్లౌడ్‌కు దృశ్యాలు పంపే సీసీ కెమెరా ఒక్కటే నెలకు దాదాపు 650 జీబీ మింగుతుంది. రెండు కెమెరాలుంటే నెల గడవకముందే కోటా ఖాళీ.

ఆపై వేగం ఎంత? అడగవలసిన అసలు ప్రశ్న ఇదే. 100 ఎంబీపీఎస్ వద్ద 1 జీబీ సినిమా 80 సెకన్లలో దిగుతుంది. 2 ఎంబీపీఎస్ వద్ద గంటకు పైగా, 512 కేబీపీఎస్ వద్ద నాలుగు గంటలకు పైగా పడుతుంది. స్థిర బ్రాడ్‌బ్యాండ్ వేగాన్ని 512 కేబీపీఎస్ కంటే తగ్గించరాదని, వాడకం 50, 90, 100 శాతానికి చేరినప్పుడు ఎస్ఎంఎస్ లేదా ఈమెయిల్ ద్వారా తెలపాలని ట్రాయ్ 2016లో ఆదేశించింది. 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనమే 2 ఎంబీపీఎస్‌కు పెరిగింది. కరపత్రంలోని ధరకు 18 శాతం జీఎస్టీ అదనమా, కలిపి చెప్పారా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి.

చెప్పిన వేగం రాకుంటే సంస్థ ఫిర్యాదుల కేంద్రంలో నమోదు చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. అక్కడ తేలకపోతే అదే సంస్థ అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు. వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ పరిష్కరించదు. టెలికాం వివాదాలను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసినందున జిల్లా కమిషన్ తలుపు తట్టే వీలుంది. హెచ్చరికల ఎస్ఎంఎస్ మాత్రం దరఖాస్తులోని నంబరుకే వస్తుంది. కనెక్షన్ వేళ కేబుల్ ఆపరేటర్ తన నంబరే రాసుకుంటే ఆ సందేశాలు అతనికే చేరతాయి.