సీసీ కాదు, టైర్ చూడండి

గల్లీ క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ ఎందుకుండదో ఎప్పుడైనా ఆలోచించారా? బంతి వికెట్లకి తగిలేదో లేదో తేల్చేవాడు ఎవడూ ఉండడు కాబట్టి. తేల్చలేని రూల్ పెడితే మ్యాచ్ అవ్వదు, గొడవ అవుతుంది. "గోడ దాటితే ఔట్" అన్న రూల్‌కి మాత్రం ఎవడూ అప్పీల్ చెయ్యడు, ఎందుకంటే బంతి గోడ దాటడం అందరికీ కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో మామూలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు సొంతంగా బిగించుకున్న కార్లతో ఆడే ఒక ఆట ఉంది. ఏ కారు ఏ క్లాసులో పోటీ పడాలో చెప్పే ఆ ఆట రూల్స్‌లో కూడా ఎల్బీడబ్ల్యూ లాంటిది ఒకటి నడిమధ్యలో కూర్చుంది. దాని పేరు సీసీ. నా అభిప్రాయం ఏంటంటే, దాన్ని తీసేయాలి.

ముందు ఆ కార్ల సంగతి. కిట్ కార్ ఫ్యాక్టరీలో పూర్తయి రాదు. ఛాసిస్, బాడీ ప్యానెల్స్, సస్పెన్షన్ విడివిడిగా ఇంటికొస్తాయి. ఇంజిన్, గేర్‌బాక్స్ చాలాసార్లు పాత కారులోంచి పీకినవే. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఈ జాతికి పెద్దమ్మ లాంటిది. అప్పట్లో బ్రిటన్‌లో పూర్తి కారు కొంటే పర్చేజ్ ట్యాక్స్ పడేది, విడిభాగాలుగా కొంటే పడేది కాదు. అయితే కిట్‌తో పాటు బిగించే పద్ధతి రాసివ్వకూడదని షరతు. దాంతో లోటస్ వాళ్ళు విప్పే పద్ధతి రాసిచ్చారని, కొన్నవాళ్ళు దాన్ని చివర్నుంచి మొదటికి చదువుకున్నారని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. అంటే రూల్‌లో సందు వెతకడం ఈ కార్ల పుట్టుకలోనే ఉంది. అలాంటి మనుషులకి రూల్స్ రాయాలంటే మాటలా! 1973లో ఆ ట్యాక్స్ పోయి వ్యాట్ వచ్చింది, అదే ఏడాది సెవెన్ హక్కులు కేటర్‌హామ్ చేతికి వెళ్ళాయి. 1996లో రాన్ ఛాంపియన్ 250 పౌండ్లకే స్పోర్ట్స్ కార్ కట్టుకోవచ్చంటూ పుస్తకం రాశాడు. దాన్ని చూసి పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌లు పీకి 'లోకాస్ట్'లు కట్టేవాళ్ళు బయల్దేరారు.

ఈ కార్లతో సర్క్యూట్ రేసులూ ఉన్నాయి గానీ, జేబులో తక్కువ డబ్బున్నవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది స్ప్రింట్, హిల్‌క్లైంబ్‌లకి. రెండిట్లోనూ పక్కన ఇంకో కారు ఉండదు, పోటీ గడియారంతోనే. స్ప్రింట్ ఎయిర్‌ఫీల్డ్‌లోనో సర్క్యూట్ ముక్క మీదో జరుగుతుంది, హిల్‌క్లైంబ్ కొండ మీదికి వెళ్ళే ప్రైవేట్ రోడ్డు మీద. వూస్టర్‌షైర్‌లోని షెల్స్‌లీ వాల్ష్‌లో 1905 నుంచీ అదే దారి. పొడవు 1000 గజాలు, అంటే కిలోమీటర్ కూడా లేదు. మొత్తం రికార్డు 23 సెకన్ల లోపే. రోజంతా మైదానంలో నిలబడి, రెండు ప్రాక్టీస్‌లు, రెండు అసలు రన్‌లు. కలిపితే నడిపేది మూడు నాలుగు నిమిషాలు. మనకి ల్యాబ్ ఎగ్జామ్‌లో వైవా కోసం వెయిట్ చేసినట్టే అన్నమాట.

ఇంత చిన్న పరుగులో ఎవరు ఎవరితో పోటీ పడుతున్నారన్నదే అసలు విషయం. అందుకే క్లాసులు. రోడ్డు మీద తిరిగే మామూలు కార్లకి ఒకటి, కిట్ కార్ల లాంటి 'స్పెషలిస్ట్' కార్లకి ఒకటి, బాగా మార్చేసిన వాటికి ఒకటి, పూర్తి రేసింగ్ కార్లకి ఒకటి. ప్రతి దాని లోపలా మళ్ళీ ఇంజిన్ సీసీని బట్టి గీత గీస్తారు. గీత ఎక్కడన్నది క్లబ్‌ని బట్టి మారుతుంది.

సీసీ వింటే న్యాయంగానే అనిపిస్తుంది. చిన్న ఇంజిన్ చిన్నదానితో, పెద్దది పెద్దదానితో. కానీ రోవర్ కె-సిరీస్ ఇంజిన్‌ని చూడండి. 1796 సీసీ. మామూలు కారులో అది ఇచ్చేది 120 హార్స్‌పవర్ దగ్గర. కేటర్‌హామ్ ఆర్500లో అదే 1.8 లీటర్ ఇంజిన్ 230 ఇచ్చింది. సీసీ అదే, క్లాసూ అదే, పవర్ మాత్రం దాదాపు రెట్టింపు! మధ్యలో ఉన్నదంతా క్యామ్‌షాఫ్ట్‌లు, పిస్టన్‌లు, థ్రాటిల్ బాడీలు, ఈసీయూ మ్యాప్, అంటే డబ్బు. సీసీ గీత గీయగానే డబ్బు ఆగిపోదు, గీత లేని వైపుకి పారుతుంది.

టర్బో ఉంటే బ్రిటిష్ రూల్స్‌లో సీసీని 1.4తో గుణిస్తారు. గీత 2000 దగ్గర ఉందనుకుంటే, 1428 సీసీ టర్బో లెక్క 1999.2 అవుతుంది. గీత కింద ఉన్నట్టే. బూస్ట్ ఎంత పెంచినా 1.4 మాత్రం 1.4గానే ఉంటుంది. కోడింగ్‌లో హార్డ్‌కోడ్ చేసిన నంబర్ చూస్తే మనకి ఎలా ఉంటుందో నాకు దీన్ని చూస్తే అలా ఉంది. బైక్ ఇంజిన్‌లు వచ్చాక ఇంకా విచిత్రం. 1000 సీసీ స్పోర్ట్స్ బైక్ ఇంజిన్ 150 దాటి హార్స్‌పవర్ ఇస్తుంది, బరువూ తక్కువ. దాన్ని అర టన్ను కారులో పెడితే చిన్న క్లాసు మొత్తాన్ని ఊడ్చేస్తుంది. అందుకే చాలా చోట్ల బైక్ ఇంజిన్‌లకి వేరే క్లాస్ పెట్టారు. రూల్ పనిచేయట్లేదని రూల్ రాసినవాళ్ళే ఒప్పుకున్నట్టు కాదా ఇది?

పైగా సీసీని చెక్ చేయడమెలా? ఇంజిన్ విప్పి బోర్, స్ట్రోక్ కొలవాలి. వానలో, మైదానంలో, జీతం లేకుండా వాలంటీర్‌గా వచ్చిన ఒక పెద్దాయన ఆ పని చేస్తాడా? ప్రొటెస్ట్ పడితే తప్ప చేయడు. వారం వారం కలిసి టీ తాగే మనుషులు ఒకరి మీద ఒకరు ప్రొటెస్ట్ వేయడం ఎంత ఇబ్బందో వేరే చెప్పాలా?

"అయితే పవర్-బరువు నిష్పత్తి పెట్టొచ్చు కదా" అని మన మెకానికల్ ఫ్రెండ్స్ అంటారు. బరువు సరే, కాటా మీద ఎక్కిస్తే తెలుస్తుంది. పవర్‌కి డైనో కావాలి. ఒక డైనో చెప్పింది ఇంకో డైనో చెప్పదు. ఈసీయూలో రెండు మ్యాప్‌లు పెట్టి స్విచ్‌తో మార్చుకోవచ్చు, సీఎస్ వాళ్ళకి ఆ ఐడియా రావడానికి ఐదు నిమిషాలు చాలు. ఇంకొకరు ఫార్ములా భారత్‌ని చూపిస్తారు. అక్కడ పెట్రోల్ ఇంజిన్‌లకి గాలంతా 20 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్ గుండానే వెళ్ళాలి, కాబట్టి కేటీఎం 390 ఇంజిన్ పెట్టిన టీమూ 600 సీసీ నాలుగు సిలిండర్ల టీమూ ఒకే పోటీలో నిలబడగలుగుతున్నాయి. చెక్ చేయడానికి ఒక గేజ్ చాలు. అద్భుతమైన రూల్, నేను ఒప్పుకుంటా. కానీ కిట్ కార్లలో చాలా వాటికి సిలిండర్‌కో థ్రాటిల్ బాడీ ఉంటుంది, గాలి నాలుగు దారుల్లో వెళ్తుంది. రిస్ట్రిక్టర్ కోసం అందరి చేతా ఇన్‌టేక్ మార్పించడమంటే మళ్ళీ ఖర్చే.

అందుకే టైర్ అంటున్నా. ఇంజిన్ ఎంత ఇచ్చినా రోడ్డుకి చేరేది ఆ నాలుగు అరచేతులంత రబ్బరు ద్వారానే. స్టార్ట్ లైన్ దగ్గర 230 హార్స్‌పవర్ ఉండి టైర్లు గట్టివైతే చక్రాలు తిరుగుతాయి, కారు కదలదు. పేరు, మోడల్ టైర్ పక్క గోడ మీదే అచ్చుపోసి ఉంటాయి. వంగి చదివితే చాలు. అక్కడి బ్లూ బుక్‌లో ఇప్పటికే టైర్ల జాబితాలున్నాయి. 1ఎ అంటే మామూలు రోడ్డు టైర్లు, 1బి అంటే రోడ్డు మీద తిరగడానికి అనుమతి ఉన్నా ట్రాక్ కోసమే పుట్టినవి. రోడ్డు కిట్ కార్ క్లాసులో 1ఎ ఒక్కటే ఉంచితే చాలు. ఇన్సూరెన్స్, ఎంఓటీ కాగితాలు అడిగే రూల్ ఎలాగూ ఉంది, అదీ కళ్ళతో చూసి తేల్చేదే. సీసీ గీత చెరిపేయొచ్చు.

టైర్ కంపెనీలు తెలివిమీరవా అంటే, మీరతాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. అమెరికా ఆటోక్రాస్‌లో స్ట్రీట్ క్లాసులకి ట్రెడ్‌వేర్ 200 ఉండాలని రూల్ పెట్టారు. ఆ నంబర్ ఇచ్చుకునేది టైర్ చేసే కంపెనీయే. ఇంకేముంది, రేసు టైర్‌లా అతుక్కుపోయే "200"లు మార్కెట్లోకి వచ్చాయి. నంబర్‌ని మోసం చేయడం తేలిక. మనుషులు కూర్చుని పేరుపేరునా రాసి, ఏటా దిద్దే జాబితాని మోసం చేయడం కష్టం. మనలాంటి వాళ్ళకి ఇది నచ్చదు, ఫార్ములా ఉంటే ఆటోమేట్ చేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ ఫార్ములా కంటే జాబితాయే నయం.

దీనివల్ల నష్టపోయేవాళ్ళు లేరని అనను. ఆర్500 లాంటి కారుకి బోలెడు ఖర్చుపెట్టినాయన గట్టి టైర్ల మీద జారుకుంటూ వెళ్ళడానికి ఒప్పుకోడు. ఆయనకి మెత్తటి టైర్ల క్లాస్ పక్కనే ఉంది, అందులో ఎంత ఖర్చయినా పెట్టుకోవచ్చు. లోకాస్ట్ కట్టుకున్న వాడికి మాత్రం వెళ్ళడానికి ఇంకో క్లాస్ లేదు. 1.3 లీటర్ ఎస్కార్ట్ ఇంజిన్‌తో వాడు ఈ రూల్ కింద కూడా ఓడిపోవచ్చు, కానీ షెల్స్‌లీలో ఎంత తేడాతో ఓడిపోయాడో చూసుకుని వచ్చే నెల మళ్ళీ ఎంట్రీ ఫీజు కడతాడా లేదా అన్నది ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.